జరగని పోటీలో పదమూడో రౌండు

పిట్స్‌బర్గ్‌లో హిల్ పేట, 1946 ఏప్రిల్. శనివారం మధ్యాహ్నం హెర్షెల్ టిబ్స్ సెలూన్. కుర్చీలో, సైన్యం నుంచి తిరిగొచ్చిన మిడిల్‌వెయిట్ బాక్సింగ్ ఛాంపియన్ క్లైడ్ వెదర్స్‌బీ.

"తల కదిపావంటే చెవి తెగుద్ది. ఆ తరవాత నన్ననకు."

"నా ఫొటో ఏది బాబాయ్?"

"అదుగో, తలుపు పక్కన. గొడుగుల పైన."

"నేను సైన్యానికి వెళ్లేటప్పుడు అద్దం పైన ఉంది కదా. ఇప్పుడక్కడ ఆ హోసియా పిట్మన్ గాడెందుకున్నాడు?"

"అద్దం పైన ఛాంపియన్ ఉంటాడు. షాపు తెరిచిన నాటి నుంచీ అదే పద్ధతి."

"ఛాంపియన్ని నేను."

"కాదన్నానా? బాక్సింగ్ కమిషన్ వాళ్ల లెక్కలో నువ్వే. యుద్ధం అయ్యేదాకా వాళ్లు నీ టైటిల్‌కి తాళం వేసి కూచున్నారు. మా షాపులో వెయ్యలేదు, అంతే."

"అంటే?"

"నువ్వు లేవు, పోటీల్లేవు. రేడియో పెడితే చావు కబుర్లే. మరి శనివారాలు గడవొద్దూ? నెలకోసారి నీకో పోటీ పెట్టేవాళ్లం. నీ తరఫున నేను, అవతలి వాడి తరఫున చర్చి పెద్ద అమోస్. రౌండు రౌండూ నోటితోనే ఆడించేవాళ్లం. హెయిర్ టానిక్ సీసా మీద దువ్వెనతో కొడితే గంట. ఎవరు పడిపోయారన్న తీర్పు మాత్రం షాపులో కూచున్నవాళ్లది."

"అక్కడ నేను దేశం కోసం చస్తుంటే మీరిక్కడ నాతో బొమ్మలాట ఆడుకున్నారా?"

"చచ్చావులే. సిపాయిల ముందు ఉత్తుత్తి పోటీలు ఆడావటగా. జనరల్ గారి వంటవాణ్ణి రెండో రౌండులో పడేశావని పేపర్లో చదివి చప్పట్లు కొట్టాం."

"వాడు మంచి బాక్సరే."

"అయితే ఆ పూట జనరల్ గారికి సూప్ ఎవరు కాచారు?"

"సరే, ఆ సంగతొదిలెయ్. ఎవరితో పెట్టారేంటి నాకు? ఆ న్యూజెర్సీ వాడు, ఐరిష్ ముక్కు, డూలనో ఎవరో... వాడితో పెట్టారా?"

"పెట్టకపోతే ఊరుకుంటావా? అయిదో రౌండులో పడుకోబెట్టావు."

"అయిదా? వాడు మూడు దాటడు."

"టికెట్ కొన్నవాళ్లకి కాసేపు ఆట చూపించాలి కదా."

"అది నిజమే. తెలివైన పనే చేశాను. మరి ఆ అర్జెంటీనా వాడు?"

"తొమ్మిదిలో పడ్డాడు. నీ కనుబొమ్మ చీలింది."

"ఏ కనుబొమ్మ?"

"ఎడమది."

"చీలుద్ది. వాడు తలతో పొడుస్తాడు. రిఫరీ చూళ్లేదా?"

"చూడనట్టు నటించాడు."

"దొంగ వెధవ. వాణ్ణి మళ్లీ నా పోటీకి రానివ్వకండి."

"అమోస్‌తో చెప్తా. రిఫరీ కూడా ఆయనే."

"మరి... హోసియా?"

"మెడ వంచు. వెనక గియ్యాలి."

"బాబాయ్."

"నలభై నాలుగు, మార్చి. పదమూడో రౌండు. నాకౌట్."

"వాణ్ణి నేను."

"నిన్ను వాడు."

"ఇదెక్కడి న్యాయం? నేను ఊళ్లో లేనప్పుడు నా టైటిల్ లాక్కుంటారా?"

"డూలన్‌ని కొట్టినప్పుడు కూడా నువ్వు ఊళ్లో లేవు."

"అది వేరు."

"ఎలా?"

"అది ఎలాగూ జరిగేదే."

"ఓహో. నువ్వు గెలిచినవన్నీ జరిగేవి. ఓడింది మాత్రం మా కట్టుకథ."

"నా తరఫున ఉంది నువ్వే కదా? ఏం చేస్తున్నావప్పుడు?"

"అరిచి చచ్చాను. ఎడమ చెయ్యి దించకు, దించకు అని చిన్నప్పటి నుంచి చెప్తూనే ఉన్నా. అలిసిపోతే దించేస్తావు. అమోస్‌కి ఆ సంగతి తెలుసు. ఇంక నన్నేం చెయ్యమంటావు?"

"నవ్వులాట కాదు. శుక్రవారం నాకు పోటీ. నాలుగేళ్ల తరవాత మొదటిది. ఈ పేటలో ఎక్కడికెళ్లినా మాజీ, మాజీ అంటున్నారు. నిన్న చేపలు వేయించే ఆవిడ, 'పోయిందిలే నాయనా, మళ్లీ కొట్టి తెచ్చుకో' అని ఇంకో ముక్క వేసింది."

"తిన్నావా?"

"తిన్నాను. అది కాదు విషయం. బయటవాళ్లు ఏమన్నా నాకు లెక్కలేదు బాబాయ్. సొంత పేటలోనే నేను ఛాంపియన్ని కాకపోతే, శుక్రవారం ఎవరి కోసం దెబ్బలు తినాలి? ఆ తీర్పు తిప్పండి. మీకు నోటితో పని. నాకు రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదు."

"తిప్పాలంటే ఇద్దరు బాక్సర్లూ ఒప్పుకోవాలి."

"ఎప్పుడు పెట్టారీ రూలు?"

"ఇప్పుడే."

"అయితే హోసియాని పిలువు. ఇక్కడే నిలబెట్టి అడుగుతా. అసలు నాతో దిగడానికి పనికొస్తాడా వాడు?"

"పనికిరాడనేనా నలభై ఒకటో సంవత్సరమంతా వాడికి పోటీ తేదీ ఇవ్వకుండా తిప్పావు?"

"మా మేనేజరు వద్దన్నాడు."

"పెద్దమనిషి. నీ భయం కూడా ఆయనే పడ్డాడు."

"ఎక్కడున్నాడు వాడు?"

"కళ్లు మూసుకో, వెంట్రుకలు పడతాయి."

"ఉక్కు మిల్లులోనే ఉన్నాడా ఇంకా?"

"లేడు."

"ఊళ్లో ఉన్నాడా?"

"ఊరికి దగ్గర్లోనే."

"అడిగినదానికి సరిగ్గా చెప్పవేం? నన్ను చూసి దాక్కున్నాడా?"

"సిపాయిల ఆసుపత్రిలో ఉన్నాడు. ఇటలీలో గుండు ముక్క తలలో దిగింది."

"ఎప్పుడు?"

"సైన్యానికి వెళ్లిన ఏడాదే. వాడు బండెక్కే ముందురోజే మేం ఆ పోటీ పెట్టింది. ఈ కుర్చీలోనే కూచున్నాడు. అమోస్ చెప్తుంటే కళ్లు మూసుకుని విన్నాడు. గుద్దులు విసురుతున్నట్టు భుజాలు కదుల్తున్నాయి, నాకు కత్తెర ఆడించడానికి వీల్లేకపోయింది. తీర్పు అడిగితే అందరూ వాడికే చేతులెత్తారు."

"నువ్వు?"

"నేనూ ఎత్తాను. ఏం, తిడతావా?"

"ఎందుకు తిడతాను. జాలిపడి ఇచ్చారు, సరే. ఇప్పుడు వాడికే చెప్పి తిప్పుదాం. వాడు కాదనడు. మంచివాడే."

"మంచివాడే. కానీ వాడికి చెప్పడం కుదరదు క్లైడూ. తల్లిని ఒకరోజు గుర్తుపడతాడు, ఒకరోజు నర్సు అనుకుంటాడు. మిల్లు గుర్తులేదు, ఇటలీ గుర్తులేదు. ఆ పోటీ ఒక్కటే గుర్తుంది."

"ఏ పోటీ?"

"నిన్ను కొట్టింది. నిజంగా జరిగిందనుకుంటున్నాడు. వినేవాళ్లు దొరికితే చాలు, మొదటి గంట నుంచి చెప్తాడు. వార్డంతా ఛాంపియన్ అనే పిలుస్తారు."

"మీరు ఆదివారాలు అందరూ కలిసి పోతున్నది అక్కడికా? అది కాదురా అని ఒక్కడైనా చెప్పలేదా?"

"మాకు నోరు రాలేదు. నీకొస్తే నువ్వెళ్లి చెప్పు. ఎలాగూ నిన్నే రమ్మంటున్నాడు."

"నన్నా? నాతో ఏం పని?"

"నువ్వొచ్చావని ఎవరో చెప్పారు. అప్పటి నుంచీ ఒకటే గొడవ. 'ఓడాక చెయ్యి కలపకుండా సైన్యంలోకి పారిపోయాడు, పాపం, బాగా మనసు కష్టపెట్టుకున్నట్టున్నాడు' అంటాడు. నీకు ఇంకో అవకాశం ఇస్తాడట. ఎప్పుడంటే అప్పుడు. నువ్వు వాడికివ్వని తేదీ, వాడు నీకిస్తాడట."

"అలా అన్నాడా?"

"అన్నాడు మరి. గడ్డం గియ్యనా?"

"గియ్యి."

"ఇదుగో, శుక్రవారం వరకూ నీ ఫొటో పైన పెట్టమంటావా? నీకు ధైర్యంగా ఉంటుందంటే పెడతా. అమోస్ ఏమీ అనడు."

"వద్దు."

"నిద్ర పట్టట్లేదన్నావు."

"పట్టకపోతే పోనీ. రేపు ఎన్నింటికి బయల్దేరతారు?"

"చర్చి అవగానే. ఎందుకు?"

"నేనూ వస్తా."

"వచ్చి వాడితో ఏం చెప్తావు?"

"ఆ కత్తి ఒక్క నిమిషం కింద పెట్టి, పదమూడో రౌండు మొదటి నుంచి చెప్పు బాబాయ్. నేనెలా పడ్డానో వాడి ముందు చెప్పేటప్పుడు ఎక్కడా తప్పు దొర్లకూడదు."