కొత్త కార్బురేటర్

రోటరీ ఇంజన్ కారు బానెట్ తెరిచి ఉంది. బావ తెచ్చిన కొత్త కార్బురేటర్‌ని మెకానిక్ బావమరిది తిప్పితిప్పి చూస్తున్నాడు.

“ఇది బిగించరా, బండి గాల్లో తేలాలి.”

“తేలుతుంది బావా. కానీ ఇంజన్‌లోకి ఆయిల్ పంపే పంపుని కదిపే లింకు పాతదానికే ఉంది. ఇది పెడితే పెట్రోలు పోసిన ప్రతిసారీ ఆయిల్ మనమే కలపాలి.”

“కలుపుతాను.”

“మరిచిపోతే లోపలి సీళ్లు అరిగి బండి నడిరోడ్డు మీద ఆగిపోతుంది.”

“నేనెందుకు మరిచిపోతాన్రా?”

“నువ్వు మరవవులే. రోజూ డ్యూటీకి దీంట్లో వెళ్లేది అక్క కదా?”



“తనకి చెబుతాలే.”

“ఏమని? నీ సరదాకి తనని ఆయిల్ డబ్బా మోసుకు తిరగమనా?”

“సరేలేరా. పాతదే శుభ్రం చేసి, ట్యూన్ చేసి పెట్టు.”

“మరి ఇది?”

“నీ దగ్గరే ఉంచు. మీ అక్క కంట మాత్రం పడనీకు.”