ఎవరూ ముట్టుకోని చోటు

“ఏవండీ, లాప్‌టాప్ మళ్ళీ లేచింది. ఎంత చక్కగా వెలుగుతోందో చూడండి.”

కొత్త కాపురం వంటింట్లో ఇద్దరూ నేలమీదే కూర్చున్నారు.

“లేవదా మరి? పాతబడ్డ రికవరీ డ్రైవ్ మొత్తం చెరిపేసి కొత్తది ఎక్కించి, దాంతోనే లేపాను.”

“చెరిపేశారా? మన పెళ్ళి ఫోటోలు అందులోనే పెట్టానండీ.”

“అందులో ఎందుకు పెట్టావే తల్లీ? కంప్యూటర్ పాడైతే మళ్ళీ నిలబెట్టుకోడానికి ఉంచిన చోటది.”

“ఎవరూ ముట్టుకోరు కదా అని.”

“నేను ముట్టుకున్నాను.”

“వెతికితే దొరకవా?”

“వాటి మీదే కొత్తది రాసేశాను. ఫోటోగ్రాఫర్‌ కూడా తన దగ్గరున్నవి తీసేశాడు.”

“అత్తయ్య ఒక్కటీ చూడలేదండీ. పెళ్ళినాడు కూడా ఆసుపత్రిలోనే ఉన్నారు.”

“రేపు పొద్దున్నే వెళ్దాం. ఫోటోలు పోయాయని అమ్మకి నేను చెబుతాను. పెళ్ళెలా జరిగిందో నువ్వు మొదటినుంచీ చెప్పు.”