కత్తిరించకుండా వదిలిన మూడో నిమిషం

16-12-2024 సోమవారం ఉదయం పదకొండు గంటలకు ఎస్సై శివరామకృష్ణ గారి ఎదుట చెప్పగా, కానిస్టేబుల్ రెబెక్కా గారు రాసుకున్నది.

ఎస్సై గారు ఇందాక ఫోనులో ఎవరితోనో "వీడియో మార్ఫింగ్ చేసిన ముసలావిడ వచ్చింది" అన్నారు. ముసలావిడ అన్నది ఒప్పు. మార్ఫింగ్ అన్నది తప్పు. ఆ వీడియోలో నేను ఒక్క ఫ్రేము తీయలేదు, ఒక్క ఫ్రేము కలపలేదు. ముప్పై ఐదేళ్లుగా కత్తిరించి బతుకుతున్నదాన్ని. కత్తిరించకుండా ఇచ్చింది అదొక్కటే. దాని మీదే అర్జీ వచ్చింది.

నా పేరు ముత్యాల సూర్యకళ. భర్త కీర్తిశేషులు రామకృష్ణ. వయసు అరవై తొమ్మిది. చదువు బీఎస్సీ. వృత్తి వీడియో ఎడిటింగ్. కాపురం కడియం.

1989లో నా భర్త కెమెరా పట్టుకుంటే, నేను రెండు వీసీఆర్‌లు పక్కపక్కన పెట్టుకుని పెళ్లి క్యాసెట్లు తయారు చేసేదాన్ని. ఆవలించే పురోహితుల్నీ, అలిగిన వియ్యంకుల్నీ తీసేసి ఈ చుట్టుపక్కల చాలా ఇళ్ల పరువు నిలబెట్టాను. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. మా అబ్బాయి కూతురు దుర్గాశ్రీ, వయసు ఇరవై నాలుగు, నా పక్కన కూర్చునే పని నేర్చుకుంది. ఇప్పుడు నాకంటే బాగా చేస్తుంది. ఈ మాట దాని ముందు ఎప్పుడూ అనలేదు. రికార్డులో ఉండనివ్వండి.

అర్జీదారు ఉదయభాస్కర్ గారు డైరెక్టరు. కడియం నర్సరీల్లో అంటు కట్టే ఆడకూలీల మీద డాక్యుమెంటరీ తీశారు. 19-2-2024న అరవై గంటల ఫుటేజీ తెచ్చి మా బల్ల మీద పెట్టారు. దుర్గాశ్రీ పదకొండు వారాలు కూర్చుని దాన్ని ముప్పై ఎనిమిది నిమిషాలకు తెచ్చింది. ఆ పదకొండు వారాల్లో ఆయన మూడుసార్లు వచ్చారు. మూడుసార్లూ కాఫీ తాగారు. కాఫీ బాగుందన్నారు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. వ్యాఖ్యానం చెప్పే ఆర్టిస్టు రాకముందే, ఏ బొమ్మకు ఎంత మాట పడుతుందో చూసుకోవడానికి ఎడిటరే తన గొంతుతో చదివి పెట్టుకుంటాడు. దాన్ని గైడ్ ట్రాక్ అంటాం. ఆర్టిస్టు గొంతు వచ్చాక అది తీసేస్తాం. దుర్గాశ్రీ 6-5-2024 ఉదయం పదకొండింటికి గైడ్ ట్రాక్ చదివింది. ఉదయభాస్కర్ గారు దాని వెనక కుర్చీలో ఫోను చూసుకుంటూ ఉన్నారు. మైకు ఆన్‌లో ఉంది.

సినిమా విడుదలైంది. తెర మీద "ఎడిటింగ్: ఉదయభాస్కర్" అని పడింది. మా పిల్ల పేరు ఎక్కడా లేదు.

సెప్టెంబరులో హైదరాబాదులో ఒక పెద్ద పోస్ట్ ప్రొడక్షన్ స్టూడియో దుర్గాశ్రీని ఇంటర్వ్యూకి పిలిచింది. తను చేసిన పనంటూ ఈ సినిమానే చూపించింది. మేనేజరు ఆ పేరు పడ్డచోట ఆపి, ఇంకొకరి పని తనదని చెప్పుకునేవాళ్లకు మా దగ్గర చోటు లేదన్నారట. రుజువు కాగితం ఉంటే పంపమన్నారట. పిల్ల ఇంటికి వచ్చి కీబోర్డు మీద తువ్వాలు కప్పేసింది. తొమ్మిది రోజులు ఆ తువ్వాలు తీయలేదు. తొమ్మిది రోజులు.

పదో రోజు నేను ఆయనకు ఫోను చేసి, జరిగింది చెప్పి, పేరు మార్చమని మర్యాదగానే అడిగాను.

"మామ్మగారండీ, పిల్ల బటన్లు నొక్కింది. ఎడిటింగంటే ఆలోచనండి, బటన్లు కాదు" అన్నారు.

సరేనండి అన్నాను. నేను సరేనండి అంటే మా ఇంట్లోవాళ్లు జాగ్రత్తపడతారు. ఆయన మా ఇంట్లో మనిషి కాదు.

డిసెంబరు 14 శనివారం సాయంత్రం ఐదున్నరకు రాజమండ్రిలో ఆయనకు సన్మానం పెట్టుకున్నారు, ఉత్తమ ఎడిటరని. పెద్ద తెర మీద వేయడానికి మంచి కాపీ కావాలని ఆయనే నాకు ఫోను చేశారు. ఏ కాపీ అని అడిగాను. ఏదైనా ఒకటేనన్నారు. మే ఆరో తేదీది ఇవ్వమంటారా అని వాట్సాప్‌లో కూడా అడిగాను. బొటనవేలు బొమ్మ పెట్టారు. రెండు రోజుల ముందే పెన్‌డ్రైవ్ పంపాను. దాని మీద "6 మే, గైడ్ ట్రాక్‌తో" అని రాసి అంటించాను. ఎడిట్ చేసినవాడైతే ఆ చీటీ చూడగానే గుండె ఆగేది. ఆయన జేబులో వేసుకున్నారు.

శాలువా కప్పాక సినిమా మొదలైంది. వినిపించింది దుర్గాశ్రీ గొంతు. జనం కొత్త పద్ధతి కాబోలనుకున్నారు. మూడో నిమిషంలో చదవడం ఆపి, "సార్, ఈ అంటు కట్టే చేతుల షాటు ఇంకో రెండు సెకన్లు ఉంచనా?" అంది. ఆయన గొంతు హాలంతా వినబడింది: "నన్నడక్కమ్మా, నేనేం చూళ్లేదు. నీకెలా తోస్తే అలా చెయ్యి. అయిపోయాక నా పేరు వేసెయ్."

మూడో వరసలో కూర్చున్న అప్పాయమ్మ నర్సరీ కూలీ. తెర మీద ఉన్నవి ఆమె చేతులే. "మరి శాలువా ఎవరికండీ?" అని అడిగింది. వెటకారం కాదు, తెలియకే అడిగింది. ఆయన శాలువా కుర్చీలో పడేసి వెనక మెట్ల మీంచి వెళ్లిపోయారు. నేను చివరిదాకా కూర్చుని చూశాను. సినిమా బాగుంది.

పొరపాటున జరిగిందని రాసుకుంటే కేసు తేలిపోతుందని ఎస్సై గారు దయతో సలహా ఇచ్చారు. వద్దండి. కావాలనే చేశాను. పొరపాటు ఆయనది.

అర్జీ నకలు చదివాను. మొదటి పేరాలో అది మార్ఫింగ్ అన్నారు. రెండో పేరాలో "వారి స్టూడియోలో నేను చాటుగా అన్న మాటలను నా అనుమతి లేకుండా వినిపించారు" అని రాసి, కింద సంతకం పెట్టారు. అంటే ఆ మాటలు ఆయనవే. ఆ ఒక్క వాక్యం కోసమే నేను సెప్టెంబరు నుంచి ఆగాను. ఆయన చేతిరాత బాగుంది.

పైదంతా నేను చెప్పిందే. చదువుకుని, రెండుచోట్ల రెబెక్కా గారి అక్షరదోషాలు దిద్ది, ఒప్పుకుని సంతకం చేస్తున్నాను.

(సం.) ముత్యాల సూర్యకళ

రెబెక్కా గారూ, ఎదురుగా ఉన్న జిరాక్సు షాపు ఒంటిగంటకు మూసేస్తారు. ఈలోపే ఆయన అర్జీ, ఈ కాగితాలు రెండేసి కాపీలు తీయించి స్టేషను ముద్ర వేయించండి. ఒక జత ఆ హైదరాబాదు స్టూడియో మేనేజరు పేరిట రిజిస్టర్ పోస్టు చేయండి, అడ్రసు రాసిన కవరు ఇదుగో. అందినట్టు సంతకం చేసే కార్డు కూడా పెట్టించండి. మేనేజరే సంతకం పెట్టాలి. వాచ్‌మన్ పెడితే ఒప్పుకోను.