మిసెస్ పాస్కో టీ పెట్టలేదు

పొద్దున్నే ఫోన్ చేసి ఒకటే తిట్లు మా ఐలీన్. కన్నకూతురేనా అనిపించింది. "సర్కారు మనిషి వస్తోందని ముస్తాబవకు. కేకు చేయకు. నేను గుండ్రాయిలా ఉన్నానని చెప్పకు" అని.

కూర్చో తల్లీ. టీ ఇస్తా, కాసేపాగు.

కిందటేడు నేను చేసింది అదేగా మరి. నాకెంత సాయం కావాలో చూడ్డానికి నీలాగే ఒక పిల్ల వచ్చింది. ఇంటికొస్తున్న మనిషి కదాని ముందురోజంతా ఇల్లు కడిగాను, గుడ్లు గిలకొట్టి స్పాంజి కేకు చేశాను, పెదాలకు రంగు పూసుకున్నాను. ఆ పిల్ల రెండు ముక్కలు తిని, "మీకేంటి మిసెస్ పాస్కో, భేషుగ్గా ఉన్నారు" అని రాసుకుపోయింది. ఆ అలుపుకి తర్వాత రెండ్రోజులు నేను మంచం దిగితే ఒట్టు. ఏమిచ్చారంటావా? నేల తుడవడానికి ఎప్పుడో ఓసారి వచ్చే మనిషిని.

ఇప్పుడు చట్టం మారింది, ఎవరు రావాలో ఎప్పుడు రావాలో అంతా నా ఇష్టమే అంటున్నావు. వింతగా లేదూ? నన్ను బడి మాన్పించింది మా నాన్న. ఈ గోధుమపొలాల మధ్యకి తెచ్చింది మా ఆయన క్లెమ్. కిటికీ తెరల రంగు కూడా మా అత్తగారు ఎంచిందే. ఎనభై ఆరేళ్ళకి నీకేం కావాలని అడిగితే నోరు పెగలదే.

భయం కూడానూ. పక్కవీధి డల్సీ, స్నానాలగదిలో పడ్డానని మీవాళ్ళకి ఉన్నదున్నట్టు చెప్పింది. ఇప్పుడు పట్నంలో వృద్ధాశ్రమం కిటికీలోంచి కార్లు ఆపే చోటు చూస్తూ కూర్చుంటోంది. ఇష్టపడే వెళ్ళిందట. ఎవరిష్టమో.

నన్నూ అలా పంపరని మాటివ్వగలవా? ఇవ్వలేవు కదూ. పోన్లే, అబద్ధమాడలేదు. కిందటి పిల్లయితే అంతా బాగుంటుందనేది.

కేకు బాగుందా? నేను చేయలేదు. పక్కింటి మార్జొరీ చేసింది. నాదనుకుంటావని నా పళ్ళెంలో పెట్టాను.

రాసుకో. స్నానం చేయించడానికి ఆడమనిషి కావాలి. సాయంత్రం రావాలి. పొలం దుమ్ము కడుక్కుని పడుకున్న ఒళ్ళిది, పొద్దుటి స్నానం ఎరగదు. వచ్చిన మనిషే మళ్ళీ రావాలి. రోజుకో కొత్త మొహం ముందు నేను బట్టలు విప్పలేను.

ఇంకోటి. ఇందాకట్నుంచి టీ టీ అంటున్నానే గానీ కుర్చీలోంచి లేవలేదు, చూశావా? ఆ కెటిల్ నేను ఎత్తలేను తల్లీ. చలికాలం నుంచీ ఎత్తలేదు. ఐలీన్‌కి కూడా తెలీదు.

నువ్వే పెట్టు. ఇక నన్నెక్కడ ఉంచుతారో మీ ఇష్టం.

కాదులే. నా ఇష్టమన్నావుగా. నేను ఈ ఇంట్లోనే ఉంటాను, అదీ రాయి.