పదో రోజు గుండె

కాదు, నువ్వెందుకు రాసిస్తావు దాసోమ్? "ఫొటోలో రంగు నేనే దిద్దాను" అని ఎందుకు ఒప్పుకుంటావు? దిద్దావా? లేదుగా! మరి?

ఒప్పుకుంటే వదిలేస్తారన్నాడా మెంగ్ ప్రొఫెసర్? భలేవాడే! మొన్న పుసాన్ సభలో నువ్వు తీసిన స్లైడ్ ఫొటో చూపించి చప్పట్లు కొట్టించుకున్నదెవరు? అప్పుడు "మా ఫలితం". ఇప్పుడు "ఆ అమ్మాయి చేసిన పని"!

కూర్చో తల్లీ. చేతులెంత చల్లగా ఉన్నాయో చూడు! ఈ బార్లీ టీ తాగు. విచారణవాళ్లు లోపల ఇంకా కుర్చీలే సర్దుకుంటున్నారు.

నేను పెద్ద చదువులు చదవలేదు. ఎలుకపిల్లల గుండెలు పల్చగా కోసి స్లైడ్ల మీద అతికించడమే ఇరవై రెండేళ్లుగా నా పని. అయినా నువ్వు చెప్పింది నాకర్థమైంది. కణం రెండుగా చీలాలంటే ఆ కైనేజ్ జన్యువు పనిచేయాలి. పనిచేస్తున్న చోటల్లా ఊదారంగు పడుతుంది. తల్లి కడుపులో ఉన్నప్పుడు గుండె నిండా ఊదాయే. పుట్టిన మూడో రోజుకీ బాగానే ఉంటుంది. పదో రోజుకి గుండెకండరంలో ఇంచుమించు మాయం. అంతేగా?

నీకేమో పదో రోజువాటిల్లో మూడు స్లైడ్లు ఊదాగా కనిపించాయి. పరిగెత్తుకొచ్చి నన్ను వాటేసుకున్నావు. "ఒక్‌రియోన్ అక్కా, కొన్ని గుండెల్లో కణాలు చీలడం ఆగట్లేదు! దెబ్బతిన్న గుండెల్ని బాగుచేసే దారి దొరికిందేమో!" అన్నావు. అందరికీ కింబాప్ కొనిపెట్టావు. నేనూ తిన్నాను.

తర్వాత ఇంకే ల్యాబ్‌లోనూ అది రాలేదు, అందుకే ఫొటో దిద్దారన్నారు. రాదు. ఎందుకు రాదో నాకు తెలుసు.

లేవకు! విను.

మూడో రోజువాటిల్లో మూడింటికి రంగు పట్టలేదని పారేయమన్నావు, గుర్తుందా? నేను పారేయలేదు. ఏడు వారాల కిందట తీసి చూశాను. రంగు పట్టకపోవడమేంటి? రక్తనాళాల పక్కన చుక్కలు చుక్కలుగా ఊదా ఉంది. కండరమే వెలవెలబోయింది. అవి మూడో రోజువి కావు దాసోమ్. పదో రోజువి. నీకు ఊదాగా కనిపించినవే మూడో రోజువి.

నంబర్లు పెన్సిల్‌తోనే రాయాలి, ఆల్కహాల్‌లో సిరా నిలవదు అని కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పేది నేనే. ఆ రోజు పెన్సిల్ విరిగితే తొందరలో పెన్నుతో రాశాను. ఆరు స్లైడ్ల మీద అంకెలు పోయాయి. అన్నీ గుండెగోడలోంచి కోసిన చిన్న ముక్కలు, ఏది ఏ రోజుదో కంటికి తెలియదు. నిన్ను పిలవాల్సింది. సిగ్గేసింది. ఊహించి రాసేశాను.

ఏడు వారాలు ఎందుకు చెప్పలేదా? ఫిబ్రవరిలో నా కాంట్రాక్టు పొడిగించాలి. యాభై ఆరేళ్లదానికి ఇంకెవరిస్తారు పని? ఏదో సర్దుమణుగుతుందిలే అనుకున్నాను. నీదాకా రాదనుకున్నాను. కాదు, వస్తుందని తెలుసు. తెలిసే ఊరుకున్నాను.

నిన్న మెట్ల కింద నువ్వు ఏడుస్తుంటే చూశాను. చూసి కూడా లిఫ్టెక్కి వెళ్లిపోయాను.

అదిగో, తలుపు తీశారు. నీ పేరే పిలుస్తున్నారు. నువ్వుండు, నేను వెళ్తాను. ఆ స్లైడ్లు జేబులోనే ఉన్నాయి.

అలా చూడకు. తిట్టు, పోనీ ఒకటి కొట్టు. క్షమించమని మాత్రం అడగను. ఇన్నాళ్లూ నోరు మూసుకున్నదాన్ని, ఆ మాట అడిగే మొహం నాకెక్కడిది?