మైనం మూత వేసిన ప్రమాణం

జొన్నచేల కవతల గురవమ్మ దిగుడుబావి ఉందే, అదేనర్రా, ఎంత ఎండ కాసినా గొడ్డు కూడా మూతి పెట్టని బావి, దాని సంగతి చెప్తా, ఇట్టా దగ్గరికి జరగండి. ఏయ్ సీతాలూ, ఆ పొయ్యి తర్వాత చూద్దువుగాని, కూర్చో.

పూర్వం మనూళ్ళో పెద్ద తగువొస్తే ఐదుగురు ఆ బావిలో మూడు మునకలేసి, తడిబట్టలతో పోలేరమ్మ ముందు నిలబడి ప్రమాణం చెయ్యాలి. ఇక దానికి తిరుగులేదు. అయితే మన పెద్దలు తక్కువోళ్ళా? ఒంటి మీద ఒక్క పోగు పొడిగా ఉన్నా ఆ ప్రమాణం అమ్మకి చేరదని, అబద్ధమాడినా పాపం తగలదని ఎవడో కనిపెట్టాడు. ఇంకేముంది, చిటికెనవేలంత వెదురు గొట్టంలో పొడి దూది కూరి, మూతికి మైనం పూసి, మొలతాడుకి కట్టుకుని మునిగేవాళ్ళు. అట్టా ఐదుగురు కలిసి గురవమ్మ అనే ఒంటరి మనిషి చేతబడి చేసిందన్నారు, ఆవిడ ఆ బావిలోనే దూకి చచ్చింది. ఆవిడ చచ్చాక కూడా మనోళ్ళు సిగ్గు లేకుండా అందులోనే మునిగారు.

తర్వాత చాన్నాళ్ళకి పోలయ్య అని ఒకాయన ఉండేవాడు. కల్లు ముట్టడు, అబద్ధమాడడు, నలుగురు చేరి ఎవరినన్నా ఆడిపోసుకుంటుంటే తువ్వాలు దులుపుకుని లేచిపోతాడు, మంగళవారం అమ్మకి దీపం పెట్టందే ముద్ద ముట్టడు. అట్టాంటోడి దగ్గరికి సొంత అన్న వచ్చి, ఒరే, మా నలుగురి గేదెలూ చచ్చినయ్యి కదా, ఇది మంత్రసాని ఆదెమ్మ చేసిన పనే, ఐదోవాడివి నువ్వు రావాలి, నీ మాటైతే ఊరు నమ్ముద్ది అన్నాడు. కోసిన జొన్నచేలో చిగురించిన పిలకలు మేస్తే గొడ్డుకి నాము తగులుద్దా లేదా, ఆ విషానికి నిలువునా పడి చస్తదా లేదా? ఆ మందని పిలకల చేలోకి తోలింది అన్నేనని పోలయ్య కళ్ళారా చూశాడు. సరేనంటే ఆదెమ్మని ఊళ్ళోంచి తరిమేస్తారు. కాదంటే తనని వెలేస్తారు, నిప్పూ నీళ్ళూ పుట్టవు, చస్తే పాడె మొయ్యడానికి దిక్కుండదు. గొట్టం ఉందిగా, నీకు పాపం అంటదురా అంటూ అన్న గొట్టం తెచ్చి పోలయ్య చేతిలో పెట్టాడు. భయమర్రా భయం, ఎంత మంచోడినైనా వంచేస్తది. కట్టుకున్నాడు.

మిట్టమధ్యాహ్నం ఐదుగురూ మెట్లు దిగారు. ఊరంతా గట్టు మీదే ఉంది. ఆదెమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. పోలయ్యకి బొడ్డు కోసింది ఆవిడే. ఆయన ఒక మునక వేసి లేచాడు, అప్పుడు నీళ్ళల్లోంచి ఎవరో ఆడమనిషి మెల్లగా, "అంతా తడిసిందా నాయనా?" అని అడిగింది. పక్కకి చూస్తే నలుగురి మొహాల్లోనూ నెత్తురుచుక్క లేదు. అంటే వాళ్ళకీ వినపడ్డట్టేగా? రెండోసారి మునిగితే మళ్ళీ అదే అడిగింది, ఈసారి మొలతాడు పట్టుకుని ఎవరో లాగినట్టయింది. ఇంకొక్క మునక ఉంది. వేస్తే పైకి రానేమోనని మెట్టు పట్టుకుని ఆగాడు. దెయ్యానికి భయపడ్డాడా, తను చెయ్యబోయే పనికి భయపడ్డాడా అంటే నేను చెప్పలేను. మొలతాడు పుటుక్కున తెంపి, గొట్టం విరగ్గొట్టి, ఆ దూది నీళ్ళలో ముంచి, "ఇప్పుడు తడిసిందమ్మా" అని మునిగాడు. ఏమీ కాలేదు. నీళ్ళు చల్లగా ఉన్నయ్యి, అంతే.

వచ్చి పోలేరమ్మ ముందు నిలబడి, గేదెలు నాము తగిలి చచ్చినయ్యి, ఆదెమ్మ తప్పేం లేదు అన్నాడు. మిగతా నలుగురూ మాత్రం గొట్టాలతోనే మునిగొచ్చి, ఆవిడే చేసిందన్నారు. ఇప్పుడు ఊరు ఎవరిని నమ్మాలి? అదేమి ఎండో, చూస్తుండగానే పోలయ్య పంచె ఆరిపోయింది. ఆ నలుగురివీ కారుతూనే ఉన్నయ్యి, పొద్దు వాలినా కారుతూనే ఉన్నయ్యి. ఎవరో అనుమానమొచ్చి వాళ్ళ మొలలు వెతికితే గొట్టాలు బయటపడ్డయ్యి, మైనం చెక్కు చెదరలేదు, లోపలంతా నీళ్ళు. ఊరంతా తలొంచుకుంది. ఆదెమ్మ కొంగు దులుపుకుని ఇంటికెళ్ళింది.

ఆ నలుగురి ఒంటి మీద బట్ట ఇంక ఆరలేదు. కొత్త పంచె కట్టినా కాసేపటికే తడిసేది. ఆ అన్న ఎవరనుకుంటున్నారు? మా నాయన. పాడె మీద పడుకోబెట్టినా చుక్కలు కారుతూనే ఉన్నయ్యి, ముందు కొమ్ము భుజానికెత్తుకున్న పోలయ్య చిన్నాయన వీపంతా తడిసిపోయింది.

అందుకని ఆ బావి వైపు వెళ్ళకండి. గురవమ్మ ఎవరినీ ఏమీ చెయ్యదు, ఒక్క మాట అడుగుద్ది, అంతే. జవాబు చెప్పగలమనుకున్నోళ్ళు వెళ్ళండి. నాకు డెబ్భై ఏళ్ళొచ్చినయ్యి, నేనైతే ఇంతవరకూ వెళ్ళలేదు.