బోర్లించిన బుట్ట

"మీ వలల్లోంచి ఇక వాటా తీయొద్దు. మొగుణ్ణి సముద్రంలో పోగొట్టుకున్న ఆడబిడ్డ గడప, నా వంశం ఉన్నన్నాళ్ళూ ఖాళీగా ఉండదు."

ఈ మాట ఎవరిది వినీల గారూ? మీ తాతగారిది! ఇదే మైపాడు ఇసకలో నిలబడి, మా ఊరి పెద్ద చెంగయ్య చెయ్యి పట్టుకుని అన్న మాట. మీ ట్రస్టుకు పునాది ఆ మాటే. మీరేమో కారు అద్దం కూడా పూర్తిగా దించరు.

డ్రైవరన్నా, ఇంజను ఆపన్నా, నీకు పుణ్యముంటుంది. నాలుగు మాటలు చెప్పి తప్పుకుంటా.

తెలుసండీ, నేను మీ జీతగాణ్ణే. చదివించిందీ, ఉద్యోగమిచ్చిందీ మీ తాతగారే. ఆ చదువులోనే 'దానం కాదు, హక్కు కావాలి' అని నేర్చుకున్నా. నెల్లూరు వీధుల్లో గొంతు పోయేట్టు అరిచినా. ఇప్పుడు ఒక్క నినాదమూ నోటికి రావడం లేదు. భయంగా ఉంది. నవ్వకండి, నిజంగానే భయంగా ఉంది.

అదిగో, ఆ నీలం తలుపు ఇల్లు. గడపలో బుట్ట బోర్లించి ఉంది, కనబడిందా? చిట్టి ఇల్లది. మొగుడు చిన్నబాబు పోయిన నెల వేటకు పోయినాడు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. ఆమెకిప్పుడు ఎనిమిదో నెల.

బుట్ట ఎందుకంటారా? మా ఆచారమండీ. మనిషి పోయిన ఇంటి గడపలో బుట్ట బోర్లిస్తారు. వేట నుంచి వచ్చినోళ్ళు దాన్ని తిప్పి, చేపలు వేసి పోతారు. పిలవకూడదు. ముఖం చూపించకూడదు. ఎవరేసినారో ఆ ఇల్లాలు అడగదు. అది దానం కాదు, ఆమె వాటా. రేపు ఎవరి గడపలో బుట్ట బోర్లించాల్సొస్తుందో ఎవరికి తెలుసు?

మీ తాతగారు లోపలి ఊళ్ళ రైతు గదా. కళ్ళంలో అందరి ముందూ పేరుపెట్టి పిలిచి, కొంగులో ధాన్యం పోసే ఇల్లు. అక్కడ అది మర్యాద. ఇక్కడ అదే అవమానం. ఆ తేడా ఆయన మమ్మల్ని చూసి నేర్చుకున్నాడు. తుఫానుకు వలలు పోయిన ఏడు మా వాటా మాన్పించి, బియ్యం పప్పు తనే పంపినాడు. పంపింది మాత్రం మా పద్ధతిలోనే. తెల్లారకముందే బుట్ట పక్కన మూట పెట్టి వచ్చేవాణ్ణి నేను.

ఆయన పోయినాక వచ్చిన మీ హైదరాబాదు పద్ధతి ఇంకోటి. ట్రస్టు భవిష్యత్తు అన్నారు, ఫలితం కంటికి కనబడాలన్నారు. మూట తీసుకునే మనిషి బ్యానరు పట్టుకుని ఫొటో దిగాలన్నారు. చిట్టి దిగనంది. ఆమె పేరు కొట్టేసినారు. ఇప్పుడు మొత్తం మూసేసి సిటీకి మార్చుకుంటామని చెప్పడానికి వచ్చినారు!

నా జీతంలోంచి నేనిస్తే సరిపోదా అంటారా? ఇచ్చినానండీ. "నీ జాలి నాకొద్దన్నా. నా వాటా యాడబోయింది?" అంది.

చెంగయ్య దగ్గరికి పోయినా. వాటా మళ్ళీ మొదలుపెట్టు పెదనాన్నా అని కాళ్ళు పట్టుకున్నా. ఏమన్నాడో తెలుసా? "దోసిట్లో సముద్రపు నీళ్ళు పట్టి ఆ పెద్దాయనకు మాటిచ్చినాంరా, ఇక వాటా తీయబోమని. ఆయన మనుషులొచ్చి విడిపించాల. మాట తప్పి సముద్రం మీదికి ఎట్ట పోతాం? నీకేంరా, చదువుకున్నోడివి, ఒడ్డునే ఉంటావు" అన్నాడు.

ఊరంతా పక్క సందులోంచి తిరిగి పోతోంది, ఆ బుట్ట కళ్ళబడకుండా. నేనూ అంతే.

మూఢనమ్మకమా? బాగుందండీ! మీరు మాట తప్పితే ప్రణాళిక, మేం మాట మీద నిలబడితే మూఢనమ్మకం!

ఈ పొద్దు తెల్లారి చూస్తే, చిట్టి నడుము లోతు నీళ్ళలో నిలబడి ఉంది. "ఏందమ్మా ఇది" అని చెయ్యి పట్టి లాగినా. "మా ఆయన వాటా తెస్తాడేమోనని చూస్తున్నా" అంది. ఏడవలేదు. బస్సు కోసం చూస్తున్నట్టు, మామూలుగా చెప్పింది.

మీ డబ్బు వద్దండీ. ట్రస్టును మీ ఇష్టమొచ్చిన చోటికి తీసుకుపోండి. కారు దిగి, చెంగయ్య ముందు నిలబడి ఒక్క మాట చెప్పండి. "మా తాత మాట మేం నిలబెట్టలేకపోయినాం. మీ మాట నుంచి మిమ్మల్ని విడిపిస్తున్నాం." అంతే. మర్నాడే ఆ బుట్ట తిరుగుతుంది.

ఏంటీ? లాయర్ని అడగాలా? తప్పు ఒప్పుకున్నట్టవుతుందా?

అడగండి. అప్పటిదాకా రోజూ పొద్దున్నే ఒడ్డున నేను కాపలా ఉంటా. ఇంకో విషయం కూడా వినండి, ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఆమె ఇంకో రెండడుగులు లోపలికి పోయి ఉంటే నేను పోలేకపోయేవాణ్ణి. నాకు ఈత రాదు. బెస్తోడి బిడ్డనే. మీ తాతగారి హాస్టల్లో పెరిగినా గదా, పుస్తకాలు నేర్పినారు, సముద్రం నేర్పలేదు.

డిసెంబరులో చిట్టికి నెలలు నిండుతాయి. బిడ్డ పుట్టేలోగా ఆ బుట్ట తిరగాల. నవంబరు ఇరవై ఐదు లోపల, చెంగయ్య ముందుకు మీరు వస్తారో రారో నాకు చెప్పాలి.